పాతకాలపు మోటారు సైకిళ్లు: బాగుచేత, సవారీ

1970ల నాటి బుల్లెట్ 350ని స్టార్ట్ చేయడానికి కాలి బలం కంటే ఓపిక ముఖ్యం. తాళం తిప్పి, హెడ్‌లైట్ పైనున్న అమ్మీటర్ మీద కన్నువేసి, కిక్ రాడ్డును మెల్లగా నొక్కుతూ పోవాలి. ముల్లు మైనస్ వైపు వాలి ఉందంటే లోపల పాయింట్లు, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో తేల్చే స్విచ్, మూసుకుని ఉన్నట్టు. పిస్టన్ పైకొచ్చి గాలిని బిగించగానే రాడ్డు ఇక దిగనని మొరాయిస్తుంది. అక్కడే పాయింట్లు విడి, ముల్లు మధ్యకు వస్తుంది. అప్పుడు ఎడమ హ్యాండిల్ దగ్గరి డీకంప్రెసర్ మీట నొక్కితే, బిగిసిన గాలి ముక్కు చీదినట్టు చప్పుడు చేస్తూ బయటికి పోతుంది, రాడ్డు కొంచెం కిందికి జారుతుంది. మీట వదిలి, రాడ్డును పూర్తిగా పైకి రానిచ్చి, ఒకే ఒక్క తొక్కు. లెక్క కుదిరితే ఇంజన్ అందుకుంటుంది. తప్పితే రాడ్డు ఎదురుతన్నుతుంది. చీలమండ వాచాకే చాలామందికి ఈ వరస కంఠతా వచ్చింది.

మీట నొక్కితే చాలు కదిలే ఈనాటి బండ్లతో ఈ అవస్థ లేదు. పాత మోటారు సైకిళ్లను వెతికి, విప్పి, బాగుచేసి, రోడ్డెక్కించే వ్యాపకానికి ఆకర్షణంతా ఈ అవస్థలోనే ఉంది. లోపల ఏం జరుగుతోందో తెలియనివాడికి ఆ బండి కదలదు.

ఎంత పాతదైతే 'వింటేజ్' అవుతుందన్న దాంట్లో ఒక్కో దేశానిది ఒక్కో లెక్క. ఈ మాటే ద్రాక్షసారా వ్యాపారం నుంచి వచ్చింది. 1946లో ఇంగ్లండులో ఏర్పడిన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ మొదట్లో 1930 ఆఖరు లోపు తయారైన బండ్లకే ఆ పేరు వాడేది. అంతకంటే ముసలివి, అంటే 1915కు ముందువి, ఏటా లండన్ శివార్లలోని ఎప్సమ్ నుంచి బ్రైటన్ సముద్రతీరం దాకా పయనీర్ రన్ పేరుతో ఊరేగుతాయి. 1930లో మొదలైన ఊరేగింపు అది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 30 ఏళ్లు దాటితే చాలంటుంది. భారత ప్రభుత్వం మాత్రం 50 ఏళ్లు నిండాలంటుంది. వాడుకలో తెలుగువాళ్లు ఈ గొడవేమీ పెట్టుకోరు. జావా అయినా, రాజ్‌దూత్ అయినా, ఆర్‌ఎక్స్ 100 అయినా అంతా 'పాత బండే'.

భారతదేశంలో ఈ వ్యాపకం మ్యూజియాల్లో పుట్టలేదు, రిపేరు షాపుల్లో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న బీఎస్‌ఏ ఎం20, నార్టన్ 16హెచ్, మ్యాచ్‌లెస్ జీ3ఎల్ బండ్లు మామూలు జనం చేతికి వచ్చాయి. ఆ తర్వాత దిగుమతులకు ప్రభుత్వం అడ్డుకట్ట వేసింది. విడిభాగం పోతే ఇంగ్లండు నుంచి తెప్పించుకునే వీల్లేదు కాబట్టి, లేత్ మీద తయారుచేసుకోవడమో, ఇంకో బండిది అమర్చడమో తప్పలేదు. పేదరికం, పర్మిట్ల రాజ్యం కలిసి నేర్పిన ఆ పనితనమే ఇవాళ సరదాగా బండ్లు బాగుచేసుకునేవాళ్లకు ఆసరా.

కథకు మధ్యలో నిలిచేది బుల్లెట్టే. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1930ల తొలి ఏళ్లలోనే ఆ పేరుతో బండి చేసింది. సరిహద్దు గస్తీకి భారత సైన్యం దాన్ని ఎంచుకుంది. ఆ కంపెనీ మద్రాస్ మోటార్స్‌తో కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పాటుచేసింది. మద్రాసు తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో మొదట విడిభాగాలను తెచ్చి బిగించేవారు. 1962 నాటికి అన్నీ ఇక్కడే తయారయ్యాయి. 1970 వచ్చేసరికి ఇంగ్లండులో మాతృసంస్థ మూతపడింది. మద్రాసులో మాత్రం అదే 70 మిల్లీమీటర్ల బోరు, అదే 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, అదే 346 సీసీ ఇంజన్ ఏళ్ల తరబడి వస్తూనే ఉంది. 1977లో ఆ బండినే తిరిగి ఇంగ్లండుకు ఎగుమతి చేయడం మొదలైంది. పుట్టింటివాళ్లు కొనుక్కుని మరీ మురిసిపోయారు.

బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒకటో గేరు పైకి, మిగతా మూడూ కిందికి. న్యూట్రల్ దొరక్క విసిగేవాళ్ల కోసం మడమతో నొక్కే విడి మీట ఒకటి. కొత్త బండి మీద చెయ్యి తిరిగినవాడు పాత బుల్లెట్ ఎక్కి, బ్రేకు అనుకుని గేరు తొక్కడం ప్రతి ఊళ్లోనూ జరిగే తమాషా.

రెండో పెద్ద పేరు జావా. ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే చెక్ పారిశ్రామికవేత్త 1929లో జర్మనీ వాండరర్ కంపెనీ నుంచి మోటారు సైకిల్ వ్యాపారం కొని, తన పేరులోని మొదటి రెండక్షరాలకు దాని పేరులోని రెండక్షరాలు చేర్చాడు. చెక్ భాషలో యావా అని పలికే ఆ మాట మన నోట జావా అయింది. రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ మైసూరులో ఐడియల్ జావా కంపెనీ పెట్టి 1961లో బండ్లు బయటికి తెచ్చారు. 1973 నుంచి ఇరాన్‌లోని యజ్ద్ నగరాన్ని తలపించే యెజ్డీ పేరుతో అమ్మారు. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. మైసూరు జావాకు సిలిండర్ ఒక్కటే, సైలెన్సర్లు మాత్రం రెండు. ఇంకో చిత్రం, గేరు వేసే రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్ రాడ్డు. టూ స్ట్రోక్ బండి కాబట్టి పెట్రోలులోనే ఆయిల్ కలపాలి, లీటరుకు రమారమి 40 మిల్లీలీటర్లు. బంకు దగ్గర 'టూటీ ఎంత వేయమంటారు' అన్న ప్రశ్న ఒక తరానికి బాగా గుర్తు.

ఎస్కార్ట్స్ సంస్థ పోలండ్ బండి ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 నమూనాతో చేసిన రాజ్‌దూత్ 175ది ఇంకో దారి. అందం తక్కువ, మొండితనం ఎక్కువ. పల్లెల్లో పాలక్యాన్లు మోసింది అదే. 1973లో 'బాబీ' సినిమాలో కనిపించిన చిన్న చక్రాల రాజ్‌దూత్ జీటీఎస్‌ను మాత్రం జనం సినిమా పేరుతోనే పిలిచారు. 1983లో అదే ఎస్కార్ట్స్ యమహా సాంకేతికతతో ఆర్‌డీ 350 తెచ్చింది. రెండు సిలిండర్లు, 347 సీసీ, ఆరు గేర్లు, తొలి రకానికి 30.5 హార్స్‌పవర్. మైలేజీ లెక్కలు వేసుకునే దేశంలో అది అమ్ముడుపోలేదు. జపాన్ నమూనాకున్న ముందు డిస్క్ బ్రేకు తీసేసి ఇక్కడ డ్రమ్ము బిగించారు, ఆ వేగానికి ఆ బ్రేకు చాలేది కాదు. అప్పుడు కొనేవాడు లేని బండికి ఇప్పుడు లక్షలు పలుకుతున్నాయి.

1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100ది మరీ విడ్డూరం. 98 సీసీ, 11 హార్స్‌పవర్, బరువు చూస్తే వంద కిలోలకు అటూ ఇటూ. కాగితం మీద చిన్నవే ఈ అంకెలు. రోడ్డు మీద సంగతి వేరు. కాలుష్య నిబంధనలు బిగుసుకోవడంతో 1996లో తయారీ ఆగింది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో కాలని పెట్రోలు కొంత నేరుగా సైలెన్సర్‌లోకి పోతుంది, నూనె కూడా మండి నీలిపొగ వస్తుంది. పాత బండ్ల అభిమానులు ఎంత వెనకేసుకొచ్చినా ఈ విషయంలో బండిదే తప్పు.

బండి దొరికే చోట్లు రెండు రకాలు. ఒకటి ఇంటి వెనక గొడ్లచావిడి. తాతగారు పోయాక ఎవరూ ముట్టని జావా మీద గడ్డిమోపులు పెట్టి ఉంటాయి. రెండోది పాత ఇనుప సామాను. చెన్నై పుదుపేట, ఢిల్లీ కరోల్ బాగ్, హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల తిరిగితే కావలసింది దొరక్కపోవచ్చు గానీ, అక్కర్లేదనుకున్నది తప్పక దొరుకుతుంది.

బేరానికి ముందు చూడాల్సింది ఇంజన్ కాదు, కాగితం. ఛాసిస్ మీద, ఇంజన్ మీద గుద్దిన నంబర్లు ఆర్‌సీ పుస్తకంలోని వాటితో కలవాలి. అక్షరాలు వంకరగా ఉన్నా, కింద లోహం గీకినట్టు కనిపించినా వెనక్కి తిరగడం మంచిది. పేరు మార్చుకోవడానికి ఫారం 29, ఫారం 30 మీద పాత యజమాని సంతకాలు కావాలి. ఆయన పోయి ఇరవై ఏళ్లయి ఉంటే వారసుల చుట్టూ తిరగాలి. కంప్యూటర్లు రాకముందు చేత్తో రాసిన ఆర్‌సీ అయితే, ముందు ఆ వివరాలు ఆన్‌లైన్‌లోకి ఎక్కించుకోవాలి. ఇంజన్ బాగుచేయడానికి పట్టే కాలం కంటే ఆర్టీవో ఆఫీసు మెట్లెక్కే కాలమే ఎక్కువని ఈ పనిలో ఉన్నవాళ్లు నవ్వుతూ చెబుతుంటారు. నవ్వు కొంచెమే. 1989కి ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చిన మూడక్షరాల నంబరు చెక్కుచెదరకుండా ఉన్న బండికి మాత్రం వేరే గౌరవం, వేరే ధర.

విప్పేముందు ఫొటోలు తీసుకోవాలి. ఏ వాషరు ఏ బోల్టు కింద ఉందో మూడు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. ముఖ్యంగా వైర్లు. ఇల్లంతా డబ్బాలు, డబ్బాల నిండా నట్లు, వాటి మీద చీటీలు. విప్పడం ఒక ఆదివారం పని, బిగించడం ఏడాది పని. సగంలో ఆగిపోయిన బండ్లు గోనెసంచుల్లో చేతులు మారుతూ ఉంటాయి.

ఇంజన్‌లో అసలు పని బోరుది. పిస్టన్ పైకీ కిందికీ ఆడి ఆడి సిలిండర్ గోడ అరిగి గుండ్రదనం పోతుంది. అలాంటి ఇంజన్ 'బోరుకొచ్చింది' అంటారు. లేత్ షాపులో గోడను సన్నగా చెక్కి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేస్తారు. బుల్లెట్‌కు ఈ సైజులు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలో ఉంటాయి, 20, 40 అలా. చెక్కడానికి ఇక గోడ మిగలకపోతే లోపల కొత్త స్లీవ్ దిగగొట్టాలి. సిలిండర్‌కూ పిస్టన్‌కూ మధ్య సందు ఎంత వదలాలన్నది అనుభవం తేల్చే విషయం. తక్కువైతే వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే గలగల. కొత్త బోరు బండిని మొదటి వెయ్యి కిలోమీటర్లూ పసిబిడ్డలా నడపాలి. గంటకు 40, 50 దాటించకూడదు, ఒకే వేగంతో గంటల తరబడి పోనివ్వకూడదు.

పెట్రోల్ ట్యాంకు సంగతి వేరు. పైకి మెరుస్తున్న ట్యాంకులోకి టార్చి వేసి చూస్తే అడుగంతా ఎర్రటి పొలుసులు. అవి కార్బొరేటర్‌లోకి దిగితే బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. గుప్పెడు నట్లో, పాత చైను ముక్కలో వేసి, కిరసనాయిలు పోసి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని బియ్యం చెరిగినట్టు ఊపడం పాత పద్ధతి. తర్వాత వెనిగర్ నింపి ఒకట్రెండు రోజులు ఉంచితే మిగిలిన తుప్పు కరుగుతుంది. కడిగాక క్షణం ఆలస్యం చేయకుండా ఆరబెట్టి నూనె పట్టించాలి, లేకపోతే సాయంత్రానికల్లా కొత్త తుప్పు. చిల్లులుంటే అతికించేటప్పుడు మహా జాగ్రత్త అవసరం. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, అందులో నిలిచిన పెట్రోలు ఆవిరి నిప్పు తగిలితే బాంబులా పేలుతుంది. తెలిసిన పనివాడు బాగా కడిగి, నీళ్లు నింపి, అతికే చోటు మాత్రం పైకి ఉండేలా చూసుకుంటాడు.

ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే సమయం సరిచూసే పనిలో పాత మెకానిక్కుల దగ్గర ఒక చిట్కా ఉంది. సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం ముక్కను పాయింట్ల మధ్య పెట్టి, సన్నగా లాగుతూ ఇంజన్‌ను చేత్తో తిప్పుతారు. కాగితం జారిన క్షణమే పాయింట్లు విడిన క్షణం. బేరింగు చప్పుడు వినాలంటే పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవిలో పెట్టుకుంటారు. టూ స్ట్రోక్ బండి లాగడం లేదంటే ముందు సైలెన్సర్ లోపలి గొట్టం బయటికి తీసి, మసి కాలిపోయేదాకా మంటలో పెడతారు. ఇవేవీ ఏ పాలిటెక్నిక్ సిలబస్‌లోనూ ఉండవు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చి కొత్త బండ్లలో దాదాపు అన్నిటికీ కార్బొరేటర్ పోయింది. కొత్తగా పని నేర్చుకునే కుర్రాడికి పాయింట్లు, కండెన్సర్ కంటే స్కానర్ తీగే ముందు పరిచయం. మున్ముందు పాత బండికి అసలు కొరత పిస్టన్లది కాదు, ఈ చేతులదే.

ఇక అందరూ పోట్లాడుకునే విషయం: ఎంత మెరిపించాలి? క్రోమ్ పూసి, ఫ్యాక్టరీలో కూడా లేనంత నిగారింపు తెచ్చేవాళ్లది ఒక వర్గం. తాతగారి చేతి రాపిడికి వెలిసిన రంగును అలాగే ఉంచి, లోపల మాత్రం బాగుచేసేవాళ్లది మరో వర్గం. ఫీవా 2012లో ఆమోదించిన టురిన్ చార్టర్ రెండో వర్గం వైపే మొగ్గింది. ఉన్నదాన్ని కాపాడటం ముందు, మార్చడం ఆఖరున అంటుంది అది. సంతలో ధరలు కూడా ఆ మాటే చెబుతున్నాయి. ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతపు బోడ్మిన్ మూర్‌లో దశాబ్దాలుగా తుప్పుపట్టి, ముక్కలుగా పడివున్న బ్రఫ్ సుపీరియర్ బండ్లు ఎనిమిది బయటపడ్డాయి. 2016లో వాటిని ఉన్నవి ఉన్నట్టే వేలం వేస్తే, 1938 నాటి బీఎస్4 ఒక్కటే 3,31,900 పౌండ్లు పలికింది.

దీనికి ఎదురు ఉదాహరణా అదే దేశంలో ఉంది. బర్మింగ్‌హామ్ దగ్గరి నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియం 2003 సెప్టెంబరులో అంటుకుంది. 300కు పైగా బండ్లు కాలిపోయాయి. కరిగిన అల్యూమినియం, వంగిన చట్రాలు తప్ప మిగలని వాటిని కూడా మళ్లీ నిలబెట్టి, 2004 డిసెంబరులో మ్యూజియం తెరిచారు. అవి పాత బండ్లా, కొత్త బండ్లా? వాదన ఎటైనా సాగుతుంది. వాటిని అలా తిరిగి నిలబెట్టగల చేతులు అక్కడ ఉన్నాయన్నది మాత్రం వాదనకు అందని నిజం. మన దగ్గర బుల్లెట్ ట్యాంకు మీది సన్నటి బంగారు గీతలను చెన్నై ఫ్యాక్టరీలో చేత్తోనే గీస్తూ వచ్చారు. స్టిక్కరు అంటించి అసలైనదే అని చెప్పే దుకాణాలకు కొదవలేదు. దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది. కుంచెతో గీసిన గీత మలుపు దగ్గర వెంట్రుకవాసి లావవుతుంది.

2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి వింటేజ్ వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్లు నిండి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేయని బండికి రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని వచ్చే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత తిరిగి చేయించడానికి 5,000. అలాంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తీసుకెళ్లవచ్చు గానీ రోజూ ఆఫీసుకు వేసుకెళ్లకూడదు. ఈ లెక్కన 1985 నాటి ఆర్‌ఎక్స్ 100 వింటేజ్ కావాలంటే 2035 దాకా ఆగాలి. జనం గుండెల్లో ఎప్పుడో పాతబడిన బండి కాగితాల్లో ఇంకా కుర్రదే.

నడిపే సందర్భాలకు లోటు లేదు. జూలై రెండో ఆదివారం అంతర్జాతీయ జావా దినం. మన నగరాల్లో ఆ పొద్దున జావాలు, యెజ్డీలు నీలిపొగ వదులుతూ టిఫిన్ హోటళ్ల ముందు వరస కడతాయి. 2012లో సిడ్నీలో మొదలైన డిస్టింగ్విష్డ్ జెంటిల్మన్స్ రైడ్‌కు సూటూబూటూ వేసుకుని పాత తరహా బండ్ల మీద రావాలి. మగవాళ్ల ఆరోగ్యం కోసం విరాళాలు పోగుచేసే ఆ ఊరేగింపు హైదరాబాద్‌లోనూ జరుగుతుంది. అమెరికాలో 2010లో మొదలైన మోటార్‌సైకిల్ కానన్‌బాల్ మరీ సాహసం. తొలిసారి 1916కు ముందరి బండ్లతోనే తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా వెళ్లారు. స్కూటర్లను కూడా ఈ లెక్కలో కలిపేవాళ్లున్నారు. హైదరాబాద్ ఆల్విన్ చేసిన పుష్పక్ వాళ్లకు సొంత ఊరి గర్వం.

రోడ్డు మీద పాత బండికి దాని కాలపు మర్యాదలే పనిచేస్తాయి. డ్రమ్ము బ్రేకు వెంటనే పట్టదు, కాబట్టి ముందు బండికి రెట్టింపు దూరం వదలాలి. ఆరు వోల్టుల హెడ్‌లైట్ వెలుగు గుడ్డిదీపమంత, కాబట్టి చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. సీటు కింద ఒక ప్లగ్గు, క్లచ్ కేబుల్, పాయింట్ల సెట్టు, చైను లింకు, పాత గుడ్డ ఉంటే చాలావరకు గట్టెక్కుతారు. ఇప్పటి పెట్రోలుతో కొత్త చిక్కు వచ్చిపడింది. దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వాడుకలోకి వచ్చింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలను, వాషర్లను మెత్తబరుస్తుంది. అందుకే తెలిసినవాళ్లు పైపులు మార్పించి, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచడం మానేశారు.

నిలబెట్టిన బండి నడిచే బండి కంటే త్వరగా పాడవుతుంది. సీళ్లు ఎండుతాయి, బ్యాటరీ చస్తుంది, కార్బొరేటర్ అడుగున పెట్రోలు జిగురులా గట్టిపడుతుంది. పదిహేను రోజులకోసారైనా ఓ పది కిలోమీటర్లు తిప్పుకొచ్చి, ఇంటి ముందుకు రాగానే తాళం తీయకుండా ముందు పెట్రోల్ కాక్ మూస్తారు. గిన్నెలో మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా ఇంజన్ మరో నిమిషం కొట్టుకుంటుంది. చివర్లో ఒకసారి వేగం పెరిగినట్టనిపించి, దానంతటదే ఆగుతుంది.